ఉద్యమం సరిహద్దు దాటింది, సభ్యత్వం దాటిందా?

కోపెన్‌హేగన్ కేంద్రంగా పనిచేసే ఇంటర్నేషనల్ దళిత్ సాలిడారిటీ నెట్‌వర్క్ (ఐడీఎస్ఎన్)కు ఐక్యరాజ్యసమితి సంప్రదింపుల హోదా 2022 డిసెంబర్‌లో వచ్చింది. దరఖాస్తు పెట్టిన 15 ఏళ్లకు. ఈ హోదా ఉన్న సంస్థ జెనీవాలో మానవ హక్కుల మండలి సమావేశాలకు తన పేరుతో హాజరు కావచ్చు, మైకు తీసుకుని మాట్లాడవచ్చు. హోదా లేని సంస్థ ఉన్నవాళ్ల పేరు అరువు తెచ్చుకోవాలి. అడ్డుపడింది ఎవరో కాదు, మన దేశ ప్రతినిధులే. దరఖాస్తులు పరిశీలించే కమిటీలో ఏ సభ్యదేశమైనా కొత్త ప్రశ్న వేస్తే ఆ దరఖాస్తు తర్వాతి సమావేశానికి వాయిదా పడుతుంది. ఐడీఎస్ఎన్‌ను భారత్ అలా వందకు పైగా ప్రశ్నలు అడిగింది. జవాబు ఇవ్వడం, మరో ప్రశ్న రావడం, మళ్లీ వాయిదా. చివరికి అమెరికా ఈ వ్యవహారాన్ని కమిటీ దాటించి ఆర్థిక, సామాజిక మండలిలో ఓటుకు పెట్టింది. అనుకూలంగా 24, వ్యతిరేకంగా 17, తటస్థంగా 12 ఓట్లు పడ్డాయి.

సంతోషించాల్సిన విషయమే. అయితే ఇప్పుడు ఆ కుర్చీ మనదయింది కాబట్టి ఒక ప్రశ్న అడగాలి. అక్కడ మాట్లాడేవాళ్లకు, కారంచేడులోనో లక్షింపేటలోనో ఉన్న మనిషికి మధ్య సంబంధం ఏమిటి? ఆ మనిషి సభ్యురాలా, లబ్ధిదారా, లేక నివేదికలో ఒక కేస్ స్టడీయా? లాభాపేక్ష లేని సంఘాలు దేశాలు దాటి ఎలా విస్తరించాలన్న చర్చ వచ్చినప్పుడు మనం ఎక్కువగా వీసాల గురించి, నిధుల గురించి, మీడియా గురించి మాట్లాడతాం. సభ్యత్వం గురించి మాట్లాడం. నా ఉద్దేశంలో అసలు చిక్కు అక్కడే ఉంది.

సభ్యత్వం అంటే కార్డు కాదు. చందా కట్టడం, ఓటు వేయడం, లెక్క అడగడం. ఈ మూడూ సరిహద్దు దాటినప్పుడే సంఘం విస్తరించినట్టు. గొంతు ఒక్కటే దాటితే అది ప్రాతినిధ్యం. దాని విలువ దానికి ఉంది, కానీ అది వేరే పని.

1942లో ఏర్పడిన షెడ్యూల్డ్ కులాల సమాఖ్య నాయకుడిగా డాక్టర్ అంబేడ్కర్ 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఒక ఉత్తరం రాశారు. అమెరికా నల్లజాతి వాళ్లు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం కాపీలు రెండు మూడు పంపమని అడిగారు. ఈ ఉత్తరం మనకు బాగా తెలిసిందే, పోస్టర్ల మీద కూడా వేసుకుంటాం. కానీ డుబోయిస్ వెనక ఉన్న సంస్థ గురించి పట్టించుకోం. ఆయన స్థాపకుల్లో ఒకరైన ఎన్ఏఏసీపీ ఏడాదికి కనీసం ఒక్క డాలర్ చందాతో, ఊరూరా శాఖలతో నడిచిన సంఘం. 1940ల్లో దాని సభ్యులు లక్షల్లో ఉన్నారు. 1947లో అది సమితి ముందు పెట్టిన వినతిపత్రం వెనక ఆ ఒక్క డాలర్లు ఉన్నాయి.

అందుకే దాన్ని దెబ్బ తీయాలనుకున్న అలబామా రాష్ట్రం సభ్యత్వం మీదే చెయ్యి వేసింది. 'నువ్వు న్యూయార్క్‌లో రిజిస్టర్ అయిన బయటి సంస్థవి, మా రాష్ట్రంలో అనుమతి లేకుండా పనిచేస్తున్నావు' అని కేసు వేసి, సభ్యుల పేర్లు, చిరునామాలు ఇవ్వమని కోర్టు ద్వారా అడిగింది. ఇస్తే ఆ పేర్లు ఎవరి చేతికి పోతాయో అందరికీ తెలుసు. సంస్థ ఇవ్వలేదు, భారీ జరిమానా పడింది. 1958లో అమెరికా సుప్రీంకోర్టు ఆ జాబితా అడిగే అధికారం రాష్ట్రానికి లేదని తీర్పు చెప్పింది. 'బయటి సంస్థ' అనే మాట, 'జాబితా ఇవ్వు' అనే మాట మనకు కొత్తవి కావు.

మన దగ్గర జరిగింది వేరు. 1985 కారంచేడు తర్వాత ఆంధ్రలో వచ్చిన దళిత మహాసభ జనం చందాలతో, జనం కాళ్ల మీద నడిచింది. 1998లో జాతీయ దళిత మానవ హక్కుల ప్రచారోద్యమం మొదలైంది. 2000లో ఐడీఎస్ఎన్, 2001లో డర్బన్ జాత్యహంకార వ్యతిరేక సదస్సు. కులం జాతి కాదంటూ భారత ప్రభుత్వం ఆ చర్చను అడ్డుకుంది. అయినా మరుసటి ఏడాది సమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుక ఆధారంగా చూపే వివక్షలో కులం కూడా ఉందని తన 29వ సాధారణ సిఫారసులో స్పష్టం చేసింది. చిన్న విజయం కాదిది. ఈ పని చేసిన రూపం మాత్రం నెట్‌వర్క్. అందులో సభ్యులు మనుషులు కాదు, సంస్థలు: దళితులున్న దేశాల వేదికలు, ఐరోపా దేశాల సంఘీభావ బృందాలు, మిత్ర సంస్థలు. ఖర్చు ఎక్కువగా ఐరోపా దాతలది.

ఆ రూపానికి రెండు వైపుల నుంచి దెబ్బ తగిలింది. ఇక్కడ విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. గుజరాత్‌లో దశాబ్దాలుగా పనిచేస్తున్న నవసర్జన్ రిజిస్ట్రేషన్‌ను 2016 డిసెంబర్‌లో, అంటే ఊనా జరిగిన ఏడాదే, కేంద్రం రద్దు చేసింది. సిబ్బందిలో ఎక్కువమందిని పంపించేయాల్సి వచ్చింది. 2020 సవరణ ఇంకా లోతుగా కోసింది. విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదంది. పాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. మొదటి ఖాతా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలోనే ఉండాలంది. ఢిల్లీ సంస్థకు వచ్చిన డబ్బులో కొంత కర్నూలు జిల్లాలో ఒక చిన్న సంఘానికి చేరే దారి దీంతో మూసుకుపోయింది. నెట్‌వర్క్ అనే రూపానికి ఆ దారే రక్తనాళం. అటువైపు 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసింది. తర్వాతి నెలలోనే బ్రిటన్ తన సాయాన్ని 2027 నాటికి జాతీయాదాయంలో 0.3 శాతానికి తగ్గిస్తామని ప్రకటించింది. ఇక్కడ తలుపు వేశారు, అక్కడ కొళాయి కట్టేస్తున్నారు.

కాబట్టి చందా సంగతి ఇక ఆదర్శం కాదు, అవసరం.

జపాన్ బురాకు ఉద్యమాన్ని చూడండి. చర్మకారులు, కబేళా పనివాళ్ల వంటి వెలివాడల జనం 1922 మార్చి 3న క్యోటోలో సుయిహేయిషా స్థాపించారు. మరుసటి ఏడాది కొరియాలోని జింజులో, కసాయి వృత్తి కారణంగా వెలివేతకు గురైన పెక్జోంగ్‌లు హ్యోంగ్‌ప్యోంగ్సా పెట్టుకున్నారు. కొరియా అప్పుడు జపాన్ వలస. పాలకుల దేశంలో అంటరానివాళ్లు, పాలితుల దేశంలో అంటరానివాళ్లు ఒకరి సభలకు ఒకరు వెళ్లారు, సందేశాలు పంపుకున్నారు. ఆ పత్రాలు 2016లో యునెస్కో ఆసియా పసిఫిక్ స్మృతి జాబితాలో చేరాయి. యుద్ధం తర్వాత ఆ ఉద్యమమే 1955 నుంచి బురాకు విమోచన లీగ్ పేరుతో వాడవాడలా శాఖలతో నడుస్తోంది. ఆ లీగ్ అంతర్జాతీయం కావాలనుకున్నప్పుడు ఇతర దేశాల్లో శాఖలు తెరవలేదు. 1988లో టోక్యోలో ఐమాడర్ అనే వేరే సంస్థను నిలబెట్టి, దాని తలుపు రోమా ప్రజలకు, దళితులకు, ఇతర వివక్షిత సమూహాలకు తెరిచింది. 1993లో దానికి సమితి హోదా వచ్చింది. మన ఐడీఎస్ఎన్ సొంత హోదా కోసం ఎదురుచూసిన ఏళ్లలో పేరు అరువు ఇచ్చిన మిత్రుల్లో అదీ ఒకటి. ఇంట్లో సభ్యత్వం గట్టిగా ఉన్న సంఘం బయట ఇతరులకు నీడ ఇవ్వగలిగింది. లీగ్ చుట్టూ విమర్శలు లేవని కాదు, ప్రభుత్వ పథకాలతో దాని సంబంధం మీద జపాన్‌లో పెద్ద చర్చే ఉంది. నిర్మాణం మాత్రం చూసి నేర్చుకోదగింది.

రెండో దారి, వలస వెళ్లిన సభ్యుల వెంట సంఘం వెళ్లడం. నేపాల్ కార్మిక సమాఖ్య జిఫాంట్ ఇదే చేసింది. గల్ఫ్ దేశాల్లో విదేశీ కార్మికులు యూనియన్ పెట్టుకోవడం దాదాపు అసాధ్యం కాబట్టి అక్కడి నేపాలీ కార్మికులతో సహాయక బృందాలు కట్టింది. మన తెలుగు నేలకు ఇది నేరుగా తగిలే విషయం. కోనసీమ నుంచి, కడప నుంచి కువైట్‌కు ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లలో దళిత మహిళలు చాలామంది. కువైట్‌లో విదేశీయులకు యూనియన్‌లో ఓటు లేదు, ఇంటి పనివాళ్లకు ఆ కార్మిక చట్టమే వర్తించదు. ఊళ్లో ఆమెకు ఏ దళిత సంఘంలోనో సభ్యత్వం ఉన్నా విమానం ఎక్కిన రోజుతో అది ముగుస్తుంది. ఏజెంటు మోసం చేస్తే ఫోన్ చేయాల్సింది ఎవరికో బంధువుకి, లేకపోతే వాట్సాప్‌లో వీడియో పెట్టి ముఖ్యమంత్రిని వేడుకోవాలి. అలాంటి వీడియోలు మనం ఎన్ని చూశాం!

2013లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో పుట్టిన అంతర్జాతీయ ఇంటి పనివారల సమాఖ్య ఈ మెలిక అర్థం చేసుకుంది. అందులో చేరాలంటే ఇంటి పనివాళ్లే సభ్యులుగా ఉన్న సంఘం అయి ఉండాలి. వాళ్ల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ అయితే సరిపోదు. 'వాళ్ల కోసం' అనే మాటను గుమ్మం దగ్గరే ఆపారన్నమాట. దళిత అంతర్జాతీయ వేదికల్లో ఇలాంటి నిబంధన పెడితే ఎన్ని సంస్థలు లోపలికి వస్తాయో ఒకసారి ఊహించండి.

ఇక అమెరికా, బ్రిటన్. 1950, 60 దశకాల్లో పంజాబ్ నుంచి బ్రిటన్ ఫ్యాక్టరీలకు వెళ్లిన రవిదాసీలు జీతం డబ్బుల్లోంచి చందాలు వేసుకుని సభలు కట్టుకున్నారు. కులవివక్షను సమానత్వ చట్టంలో చేర్చాలన్న పోరాటంలో ఆ సభలు వెన్నెముక. 2013లో పార్లమెంటు ఒప్పుకున్నా 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. చట్టం రాలేదు, సభలు నిలిచాయి. అమెరికాలో 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం, అదే సెప్టెంబర్‌లో ఫ్రెస్నో కులవివక్షను నిషేధించాయి. ఫ్రెస్నోలో వెనక నిలిచింది మళ్లీ రవిదాసీ, సిక్కు సంఘాలే. అక్టోబర్‌లో కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు.

తెలుగు దళితుల ప్రవాసం వేరే రకం. చదువుతో, హెచ్-1బి వీసాతో వెళ్లినవాళ్లు. సంఘాలు పెట్టుకున్నారు, ఏప్రిల్ 14 జరుపుతున్నారు, ఇక్కడి విద్యార్థులకు ఫీజులు కడుతున్నారు. ప్రవాస సంఘం నియమావళి ఏదైనా చేతికి వస్తే నేను మొదట వెతికేది 'సభ్యులు' అనే మాటకు ఓటు ఉందా లేదా అని. అమెరికాలో 501(సి)(3) హోదాకు ఓటున్న సభ్యులు ఉండాలన్న నియమం లేదు. బోర్డు తనను తానే ఎన్నుకుంటూ పోవచ్చు. బ్రిటన్‌లో ఛారిటీ రూపాల్లో రెండు చూడండి: ట్రస్టీలే సభ్యులుగా ఉండేది ఒకటి, విడిగా ఓటున్న సభ్యులు ఉండేది మరొకటి. మొదటిది సులువు. సులువని దాన్ని తీసుకుంటే పదేళ్ల తర్వాత ఆ సంఘం నలుగురు స్నేహితుల సంస్థగా మిగులుతుంది. వంద డాలర్లు పంపిన మనిషిని 'మెంబర్' అని పిలుస్తాం, ఆయనకు ఉన్నది రసీదు మాత్రమే.

అక్కడే ఇంకో చిక్కు. సంఘంలో పేరు రాయించుకోవడం అంటే కులం చెప్పుకోవడం. ఆఫీసులో టీమ్ అంతా తెలుగువాళ్లే అయినప్పుడు, మేనేజర్ ఇంటిపేరు బట్టి లెక్కలు కట్టే చోట, ఆ పని చేయలేనివాళ్లు చాలామంది. వాళ్లను పిరికివాళ్లనడం సులువు, న్యాయం కాదు. అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి సంస్థ ఏటా దాఖలు చేసే పత్రాల్లో బోర్డు సభ్యుల పేర్లు బహిరంగమవుతాయి, సాధారణ సభ్యుల జాబితా బహిరంగం కానక్కర్లేదు. అలబామా కేసు అక్కరకొచ్చేది ఇక్కడే. బోర్డులో పేరు పెట్టగలవాళ్లు పెట్టాలి, మిగతావాళ్లకు పేరు బయటపడకుండా ఓటు ఉండాలి.

డబ్బు గురించి ఆచరణలో ఒక మాట, విద్యార్థి సంఘాల వాళ్లకు ముఖ్యంగా పనికొస్తుంది. విదేశంలో ఉన్న భారత పౌరుడు తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బును చట్టం విదేశీ విరాళంగా చూడదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్న మర్నాటి నుంచి విదేశీ మూలం అవుతాడు, ఓసీఐ కార్డు ఉన్నా సరే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 1993లో పుట్టిన అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ లాంటి సంఘాల పాత సభ్యులు ఇవాళ ఎన్నో దేశాల్లో చదువుతున్నారు, పాఠాలు చెబుతున్నారు. రోహిత్ పోయినప్పుడు విదేశీ క్యాంపస్‌ల నుంచి గొంతులు లేచాయి. ఆ సంబంధాన్ని చందా పుస్తకంలోకి తేవాలంటే ఎవరి పాస్‌పోర్టు ఏదో ముందే తెలుసుకోవాలి. పౌరసత్వం మారినవాళ్లు తాము ఉన్న దేశంలోనే విడిగా సంఘం కట్టి, డబ్బు అక్కడి పనికే వాడటం నయం. ఓటు, తీర్మానం, ఉమ్మడి సమావేశం పంచుకోవడానికి డబ్బు ఒక ఖాతాలో కలవాల్సిన పని లేదు.

డాలర్ చందా, రూపాయి చందా పక్కపక్కన పెట్టినప్పుడు ఏం జరుగుతుందో కూడా ముందే ఆలోచించాలి. ఎక్కువ కట్టినవాడి మాట ఎక్కువ చెల్లడం మన సంఘాల్లో ఇప్పటికే మొదలైంది. ఏ బొమ్మ ఫ్లెక్సీ మీద ఉండాలో, ఏ నాయకుణ్ని సభకు పిలవకూడదో టెక్సాస్ నుంచి ఫోన్‌లో నిర్ణయమవుతోంది. అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు దేశం ఆదాయాన్ని బట్టి చందా వేస్తాయి. మనమూ టెక్సాస్ ఇంజనీరుకు నెలకు 20 డాలర్లు, కువైట్‌లో ఇంటి పని చేసే అమలాపురం ఆమెకు పావు దీనారు, ఊళ్లో కూలికి 10 రూపాయలు పెట్టుకోవచ్చు. ముగ్గురికీ ఒక్కో ఓటే. కువైట్ ఆమెకు సెలవు దొరికితే శుక్రవారం, అదీ యజమాని ఒప్పుకుంటే. అందరూ చేరే సమావేశం ఏ రోజు, ఏ గంటకు పెట్టాలో తేల్చేటప్పుడు టెక్సాస్ గడియారం కంటే ముందు ఆమె శుక్రవారం చూడాలి.