తాబేలుకు జీవో అందుతుందా?

సెలవులకు ఎక్కడెక్కడికో వెళ్ళినా బడి తెరిచేసరికి మేమంతా మన హాస్టల్ గేటు దగ్గరకే వస్తాం. గ్రేట్ నికోబార్ దీవిలోని గలాథియా తీరానికి లెదర్‌బ్యాక్ తాబేళ్ళు వచ్చేదీ అలాగే. వీటి వీపున గట్టి చిప్ప ఉండదు, తోలే ఉంటుంది. ఐదు క్వింటాళ్ళ దాకా తూగే తల్లి తాబేలు రాత్రిపూట ఒళ్ళు ఈడ్చుకుంటూ ఒడ్డెక్కి, గుంత తీసి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. అప్పుడు దాని కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటాయి. ఏడుపు కాదు, ఒంట్లోని ఉప్పును అలా బయటికి పంపుతుంది. పిల్లలు మాత్రం తల్లి ముఖం చూడవు. ఈ సంగతి చదివినప్పుడు మాలో కొందరం కాసేపు మాట్లాడలేదు.

2004 సునామీకి ఆ ఇసుక తీరం కొట్టుకుపోయింది. మళ్ళీ ఇసుక చేరాక తాబేళ్ళూ తిరిగి వచ్చాయి. సునామీని తట్టుకున్న చోటుకు 1997 నుంచి ఉన్న అభయారణ్యం హోదాను 2021లో తీసేశారు, ఓడరేవు కోసం! 2022లో పర్యావరణ అనుమతి కూడా ఇచ్చారు. బదులుగా లిటిల్ నికోబార్‌లో తాబేళ్ళకు అభయారణ్యం అన్నారు. ఆ జీవో తాబేలుకు ఎవరు చదివి వినిపిస్తారు?

అభివృద్ధి వద్దనడానికి మాకు నోరు రాదు. పనుల కోసం వలసపోయే వాళ్ళ పిల్లలం మేము. కానీ రేవును గలాథియాలో కట్టవద్దనే మా అభిప్రాయం.