నోట్లో నువ్వుగింజ నాననివాళ్లకు హెచ్చరిక

పక్క మెషిన్ మీద కూర్చునే మనిషి గే అనో, లెస్బియన్ అనో, ట్రాన్స్‌జెండర్ అనో మీకు తెలిసిందా? ఆ మాట మీ దగ్గరే ఆగిపోవాలి. సూపర్‌వైజర్‌కు మోయొద్దు. వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. "వాళ్ల మంచికే కదా" అనుకుని ఇంట్లోవాళ్ల చెవిన వేయొద్దు. లేపాక్షి, హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల గార్మెంట్స్‌లో, కార్ల ఫ్యాక్టరీల్లో, బడుల్లో, హోటళ్లలో, గుడి చుట్టూ ఉన్న దుకాణాల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ దీన్ని హెచ్చరికగానే చెబుతున్నాం. ఒక్క మాట జారితే మనిషి కూలీ పోతుంది, ఇల్లు పోతుంది, ఊరు పోతుంది. ప్రాణం పోయిన సందర్భమూ ఈ దేశంలో ఉంది.

దాదాపు 120 కిలోమీటర్ల అవతల బెంగళూరులో ఆఫీసువాళ్లకు ఇల్లు తెలియదు, ఇంటి పక్కవాళ్లకు ఆఫీసు తెలియదు. పగలు ఒకలా, రాత్రి ఇంకొకలా బతికినా అడిగేవాడు లేడు. మన దగ్గర అలా కుదరదు. పొద్దున కంపెనీ బస్సు ఎక్కేటప్పుడే పక్క సీట్లో మేనమామ కూతురుంటుంది, వెనక సీట్లో ఇంటి ఓనరు కొడుకుంటాడు. లైన్ సూపర్‌వైజర్ అత్తగారిది మన ఊరే అవుతుంది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్న మాట సాయంత్రం బస్సు దిగేలోపు రచ్చబండకు చేరుతుంది. వానలు ముఖం చాటేసి, వేరుశనగ దెబ్బతిని, సేద్యం మీద ఆశ వదులుకున్న కుటుంబాలకు నెలనెలా చేతికొచ్చే డబ్బు ఆ జీతమే. అది ఆగితే ఆ ఒక్కరే కాదు, ఇంటిల్లిపాదీ వీధిన పడతారు. అందుకే మహానగరాల్లో "ధైర్యంగా చెప్పెయ్" అని ఇచ్చే సలహాను యథాతథంగా తెచ్చి ఇక్కడి పిల్లల నెత్తిన పెట్టడం ప్రమాదం.

చట్టం మారింది కదా అని అడిగేవాళ్లుంటారు. ఇల్లు అలకగానే పండగ కాదు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ ఆచార్యుడు రామచంద్ర సిరాస్ కథ వినండి. 2010 ఫిబ్రవరిలో కెమెరాలు పట్టుకుని కొందరు ఆయన ఇంట్లోకి చొరబడ్డారు. ఒక మగవాడితో ఉన్న ఆయన్ని చిత్రీకరించారు. చొరబడినవాళ్లను వదిలేసి విశ్వవిద్యాలయం ఆయన్నే సస్పెండ్ చేసింది. అప్పటికి ఏడు నెలల ముందే ఢిల్లీ హైకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదని చెప్పింది. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు సస్పెన్షన్ నిలిపివేసింది. ఏప్రిల్ 7న ఆయన తన ఇంట్లో శవమై కనిపించారు. న్యాయస్థానం ఆయన పక్షానే నిలిచింది. ఆయన మాత్రం మిగల్లేదు.

మన తెలుగు నేల మీదా అనుభవాలున్నాయి. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్యులుగా చేరిన ట్రాన్స్‌జెండర్ మహిళలు ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ గురించి పత్రికలన్నీ రాశాయి. అంతకుముందు పనిచేసిన ఒక ప్రైవేటు ఆసుపత్రి తన సంగతి తెలిశాక, రోగులు తగ్గుతారని వెళ్లిపొమ్మన్నదని ప్రాచీ చెప్పారు. ఎంబీబీఎస్ చదివినవారికే ఆ గతి పడితే, మెషిన్ మీద కుట్టే పదో తరగతి పిల్లకు ఎవరు అడ్డం పడతారు? కొచ్చి మెట్రో 2017లో ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిచ్చి దేశమంతా మెప్పు పొందింది. వారం తిరక్కుండానే ఎనిమిది మంది మానేశారు. ముఖ్య కారణం, అద్దెకు ఇల్లిచ్చేవాడే దొరకకపోవడం. పనిచోటు బాగున్నంత మాత్రాన సరిపోదు. ఊరూ బాగుండాలి.

చట్టం ఎంతవరకు కాపాడుతుందో కచ్చితంగా తెలుసుకోండి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ కోరలు తీసేసింది. ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల సంబంధం అప్పటినుంచీ నేరం కాదు. కానీ గే, లెస్బియన్ ఉద్యోగిని ప్రైవేటు యజమాని ఆ కారణంతో తీసేయకూడదని పేరుపెట్టి చెప్పే కేంద్ర చట్టం మనకు లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు 2020 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో ఆ రక్షణ దొరికింది. ఇక్కడింకా దొరకలేదు. ట్రాన్స్‌జెండర్లకు మాత్రం 2019 చట్టం ఉంది. నియామకంలో, పదోన్నతిలో వివక్ష చూపకూడదు, ప్రతి సంస్థా ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టాలి అంటుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని ఇంట్లోంచి, ఊళ్లోంచి వెళ్లగొడితే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు అంటుంది. ఉద్యోగం ఊడగొట్టిన యజమానికి మాత్రం ఆ శిక్షల జాబితాలో చోటు లేదు. అసలు లోపం అక్కడే ఉంది.

ఆ చట్టం కాగితం మీదే మిగిలిందని సుప్రీంకోర్టే తేల్చింది. ఉత్తరప్రదేశ్, గుజరాత్ బడుల్లో ఉద్యోగం కోల్పోయిన ట్రాన్స్‌జెండర్ ఉపాధ్యాయిని జేన్ కౌశిక్ కేసులో 2025 అక్టోబరు 17న తీర్పిస్తూ ఆమెకు పరిహారం ఇప్పించింది. సమాన అవకాశాల విధానం రూపొందించడానికి జస్టిస్ ఆశా మేనన్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఫిర్యాదుల అధికారులను నియమించాల్సిందేనని చెప్పింది. మీ కంపెనీ గేటు దగ్గర ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు రాసిన బోర్డు ఉందేమో రేపు చూడండి.

తమ సంగతి పనిచోట చెప్పాలనుకుంటున్నవాళ్లకు నాలుగు మాటలు. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పనంత మాత్రాన అబద్ధమాడినట్టు కాదు. చెప్పేముందు సంస్థ నియమాలు కాగితం మీద చదవండి. ఫిర్యాదుల అధికారి ఎవరో కనుక్కోండి. ఉద్యోగం పోయినా రెండు మూడు నెలలు గడిచే డబ్బు, తలదాచుకునే ఒక గడప సిద్ధం చేసుకోండి. అందరి ముందూ ఒకేసారి కాకుండా, నమ్మిన ఒక్కరితో మొదలుపెట్టండి. ఫోన్‌కు తాళం వేయండి. ఫొటోలు చూపించి డబ్బడిగితే ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఒకసారి ఇస్తే వాడు మళ్లీ వస్తాడు. "పోలీసులకు చెబుతా" అనే బెదిరింపులో పస లేదు, నేరం చేస్తున్నది వాడే. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద శిక్షార్హం. ఆన్‌లైన్ మోసమైతే 1930కి, ఉచిత న్యాయ సహాయానికి 15100కి, మనసు కుంగిపోతే 14416కి ఫోన్ చేయండి. పిల్లల్ని "బాగుచేయిస్తామని" డాక్టర్ల చుట్టూ తిప్పే తల్లిదండ్రులూ వినండి. అలాంటి వైద్యం చేయడం వృత్తి ధర్మానికి విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

కువైట్ విమానం ఎక్కేవాళ్లు మరీ జాగ్రత్త. కదిరి, కడప వైపు నుంచి వేలమంది వెళ్లే ఆ దేశంలో మగవాళ్ల మధ్య సంబంధానికి ఏడేళ్ల వరకు జైలుంది. ఫోన్‌లో ఏముందో ఇక్కడే చూసుకుని వెళ్లండి.

దాచుకునే వీలే లేనివాళ్లున్నారు. నడకను బట్టి, గొంతును బట్టి లోకం ముందే తీర్పిచ్చేసే ట్రాన్స్‌జెండర్ మహిళలు వాళ్లు. మన రాష్ట్రంలో 2018 ఎస్సై ఉద్యోగాల నోటిఫికేషన్‌లో పురుషుడు, స్త్రీ అని రెండే గడులుంటే ట్రాన్స్‌జెండర్ అభ్యర్థి గంగాభవాని హైకోర్టు గడప ఎక్కాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ విధుల్లో చేరారు. నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పని కల్పించే దారి కూడా చూపాలి. లేపాక్షికి వచ్చే యాత్రికులకు దారి చూపే పని, టికెట్ కౌంటర్ పని వాళ్లెందుకు చేయకూడదు?

కార్మిక శాఖ, పుట్టపర్తి కలెక్టరేట్ జిల్లాలోని ప్రతి ఫ్యాక్టరీనీ, ప్రతి ప్రైవేటు బడినీ అడగాలి: ఫిర్యాదుల అధికారి ఎవరు, నియామకపు ఉత్తర్వు ఏది? ఫిర్యాదు అందిన 15 రోజుల్లో విచారణ జరగాలని ట్రాన్స్‌జెండర్ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలు చెబుతున్నాయి, ఎన్ని జరిగాయి? యాజమాన్యాలు మరో అడుగు వేయాలి. గే, లెస్బియన్ ఉద్యోగులకూ అదే రక్షణ ఉంటుందనీ, తోటివారి గుట్టు బయటపెడితే క్రమశిక్షణ చర్య తప్పదనీ తెలుగులో రాసి నోటీసు బోర్డు మీద అతికించాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, మేనేజరు సంతకం చాలు. ఆ కాగితం గోడ మీద కనబడేదాకా ధైర్యం చూపమని కార్మికుల్ని అడిగే అర్హత ఎవరికీ లేదు. ధైర్యం చూపాల్సిన వంతు ముందు జీతాలిచ్చేవాళ్లది.