చల్లని చోటు ఎవరిది?

రోహిణీకార్తెలో మా మండపేట మనుషులు ఎండకు మాడిపోరు, ఉక్కకు ఉడికిపోతారు. ఎండకు గొడుగుంది, ఉక్కకు ఏముంది? కాలువలు కట్టేసిన ఆ రోజుల్లో చేలు నెర్రెలిచ్చి, కొబ్బరాకు కదలక, ఊరంతా ఊపిరి బిగబట్టుకున్నట్టు ఉంటుంది. నేను బడి నుండి పదవీ విరమణ చేసిన నాటి నుండి ప్రతి వేసవిలోనూ మా ఇంట్లో ఒకటే ప్రస్తావన. ఏదైనా చల్లని చిన్న ఊరు చూసుకొని, పొద్దున్నే నడవడానికి కొండదారి ఉన్నచోట, మిగిలిన కాలం గడపాలని. నాకు నడక వ్యసనం. మా ఆవిడకు ఉబ్బసం.

ఈ కోరిక మా ఇద్దరిదే కాదు. పిల్లలు దూరదేశాలకు వెళ్ళిపోయిన ఇళ్ళన్నిటిలోనూ ఇదే మాట, అవే పేర్లు: అరకు, లంబసింగి, మారేడుమిల్లి. వలస మనకు కొత్త కూడా కాదు. గత శతాబ్దంలో మన గోదావరి రైతులు నిజాంసాగర్ కింద బోధన్ ప్రాంతానికీ, తుంగభద్ర కింద గంగావతి, సింధనూరు ప్రాంతాలకూ తరలివెళ్ళి, క్యాంపులు కట్టుకొని వరి పండించారు. వారు నీటిని వెతుక్కుంటూ పనికోసం వెళ్ళారు. మనం చల్లదనాన్ని వెతుక్కుంటూ విశ్రాంతి కోసం వెళ్ళాలనుకుంటున్నాం. విశ్రాంతి కోసం వెళ్ళేవాడు ఆ ఊరికి ఏమిస్తాడన్న ప్రశ్న నాకు చాలాకాలం తట్టనేలేదు.

రెండేళ్ళ కిందట డిసెంబరులో లంబసింగి వెళ్ళాం. చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న పల్లె అది. తెల్లవారుజామున మంచు దారిని మింగేసింది. పసుపు పచ్చని వలిసె పూల మధ్య నేను పసివాడినైపోయాను. మా ఆవిడ మాత్రం నెగడు దగ్గర శాలువా కప్పుకొని ఊపిరి కోసం అవస్థపడింది. ఆ చలి ఆమెకు పడలేదు. పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే ఘాటు దిగాలి. నా కలలో ఘాటు రోడ్డు ఉంది గాని, దాని మీద అర్ధరాత్రి ప్రయాణం లేదు.

అయినా ఆశ చావలేదు. తిరిగి వచ్చాక తెలిసినవాడొకడు ఇంటికొచ్చి అరకు దగ్గర అరెకరం ఉందన్నాడు. "పేరు అక్కడి మనిషిది, పొలం మనది. మీకేం భయం లేదు మాస్టారూ, అందరూ చేస్తున్నదే" అన్నాడు. నేను లెక్కలు వేసుకుంటూండగా, కాఫీ గ్లాసులు తీసుకుపోతూ మా ఆవిడ ఆగి, "పరాయివాడి పేరు వెనక దాక్కుని బతికేందుకా అండీ, ఇన్నాళ్ళూ పిల్లలకు పాఠాలు చెప్పారు?" అన్నది. సంగతి అక్కడితో ముగిసింది.

చట్టం చాలా స్పష్టంగా ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్నీ, వాటికి 1970లో వచ్చిన సవరణనూ అనుసరించి షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి బదిలీ కారాదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, ఆ బదిలీ చెల్లదు. అమ్మకమే కాదు, కౌలు, తాకట్టు, దానం కూడా బదిలీ కిందికే వస్తాయి. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా అక్కడి తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదన్నది. అరకు, లంబసింగి, మారేడుమిల్లి మూడూ ఆ పరిధిలోనివే.

ఈ చట్టాన్ని అడ్డంకి అనేవారు చరిత్ర చదవాలి. 1879 రంపపితూరీకి కల్లుపన్నుతో పాటు, పల్లపు ప్రాంతాల వర్తకులు అప్పులిచ్చి, కోర్టులకెక్కి కొండవారి ఆస్తులు లాక్కోవడం కూడా ఒక కారణం. పల్లపువారంటే ఎవరు? మనమే. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న దాడిచేసిన పోలీసు స్టేషను ఉన్న చింతపల్లి, మనం ఇప్పుడు మంచు చూడటానికి దాటిపోయే ఆ చింతపల్లే. కూడలిలో ఆయన విగ్రహానికి దండవేసి, ఆ కొండల్లో బినామీగా స్థలం కొనడం ఏ రకం భక్తి?

పోనీ దూరం పోదామంటే, హిమాచల్‌లో 1972 నాటి చట్టం 118వ సెక్షను, ఆ రాష్ట్రపు వ్యవసాయదారు కానివాడు భూమి కొనాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలంటుంది. ఊటీ, కొడైకెనాల్‌లకు వాహనాల తాకిడి భరించలేక మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుండి ఇ-పాసు పెట్టారు. చల్లని చోట్లన్నీ ఒకే మాట చెబుతున్నాయి. ఇది ఖాళీ స్థలం కాదు, ఇక్కడ మనుషులున్నారు అని.

మరి మాబోటివారు ఎక్కడికి పోవాలి? నా మటుకు నేను మదనపల్లె వైపు చూస్తున్నాను. సుమారు 700 మీటర్ల ఎత్తు. పక్కనే 1,200 మీటర్లు దాటిన హార్సిలీ కొండలు. అక్కడిది చలి కాదు, చల్లదనం. మే నెలలో ఎండ అక్కడా కాస్తుంది గాని, మన ఉక్క లేదు, రాత్రికి ఉపశమనం ఉంది. ఆ గాలిని నమ్మే వందేళ్ళకు పూర్వం ఆరోగ్యవరంలో క్షయరోగుల కోసం శానిటోరియం కట్టారు. 1919లో రవీంద్రుడు జనగణమనను ఆంగ్లంలోకి అనువదించినదీ ఆ ఊళ్ళోనే. షెడ్యూల్డు ప్రాంతం కాదు. మన పేరుతోనే మనం ఉండవచ్చు.

లోపం లేదనను. అది మెట్టసీమ. పుట్టిన నాటి నుండి ఇంటి ముందు కాలువ పారుతుంటే నీటికి విలువ కట్టడం నేర్వనివాణ్ణి, అక్కడ బిందె లెక్క నేర్చుకోవాలి. అందుకే మండపేట ఇల్లు అమ్మడం లేదు. ముందు ఏడాదిపాటు అద్దెకుంటాం. ఒక వేసవి, ఒక వాన, ఒక చలి చూశాక గాని ఏ ఊరూ మన ఊరు కాదు, మనమూ దాని మనుషులం కాము.

అరకుకూ వెళతాం, అతిథులుగా. అక్కడివారి ఇంట్లో రెండు రాత్రులుండి, అడిగినంత ఇచ్చి, వారు పండించిన కాఫీ, మిరియాలు కొనుక్కుని దిగివస్తాం. కొండను ప్రేమించడానికి దాని పట్టా మన బీరువాలో ఉండనక్కరలేదు.