స్కూట్ కొట్టడం పిరికితనం కాదు

సంక్రాంతి వచ్చినా, ఊరి జాతర వచ్చినా మన గ్రామాలలో రమ్మీ పందాలు పెట్టడం పరిపాటి అయింది. కబడ్డీకి, వాలీబాలుకు వచ్చినట్లే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటగాళ్లు వస్తున్నారు. పదమూడు ముక్కల ఆట తెలియని ఇల్లు అరుదు అనడం అతిశయోక్తి కాదు. అయితే ముక్కలు కలపడం వచ్చినవారిలో ఎక్కువమందికి పందెం చివరి ఘట్టంలో ఎలా ఆడాలో తెలియదు. రాత్రంతా ముందుండి, తెల్లవారుజామున ముగ్గురు మిగిలాక ఉత్తచేతులతో లేచేవారు ప్రతి పందిరిలోనూ కనిపిస్తారు. దీనికి పేక సరిగా పడకపోవడమే కారణమనుకోవడం పొరపాటు. వారు లెక్క చూసుకోలేదు.

ఊరూరికీ కొద్ది తేడాలున్నా 201 ఆట పద్ధతి అందరూ ఎరిగినదే. పాయింట్లు 201కి చేరినవాడు బయటికి పోతాడు. ముక్క ఎత్తక ముందే స్కూట్ కొడితే 25, ఆట మధ్యలో వదిలితే 50, నిండుగా దొరికిపోతే 80. ఈ మూడు అంకెల నుంచే మూడు మైలురాళ్లు పుడతాయి. 120 దాకా ఉన్నవాడు ఫుల్ కౌంటు పడినా బతుకుతాడు. 150 దాకా ఉన్నవాడు మధ్యలో వదిలి బతకగలడు. 175 దాకా ఉన్నవానికి మొదటి స్కూట్ మాత్రమే మిగులుతుంది. 176 వస్తే అదీ లేదు. అక్కడి నుంచి ప్రతి ఆటా ఆడి తీరవలసిందే. అతణ్ణే కంపల్సరీ అంటున్నాం.

కనుక చివరి ఘట్టంలో ఆటగాని అసలు ఆస్తి ఎన్ని స్కూట్లు మిగిలాయన్నదే. 200లోంచి తన పాయింట్లు తీసివేసి, మిగిలినదాన్ని 25తో భాగిస్తే తెలిసిపోతుంది. ఎదుటివాని స్కూట్లు కూడా ఇలాగే లెక్కించవచ్చు. ప్రతి ఆటకూ ముందు ఈ లెక్క వేసుకునేవాడు పదిమందిలో ఒకడు కూడా కనిపించడు.

ఒక ఉదాహరణ చూద్దాం. బహుమతులు రెండే. బల్ల మీద ముగ్గురు మిగిలారు. మొదటివానికి 70, రెండవవానికి 140, మూడవవానికి 180. మొదటివానికి అయిదు స్కూట్లున్నాయి, రెండవవానికి రెండున్నాయి, మూడవవానికి ఒక్కటీ లేదు. రెండవవానికి చెడ్డ చేయి పడింది. లైఫ్ లేదు, జోకరు లేదు, బొమ్మ ముక్కలు నాలుగు. అతడు పట్టుదలకు పోయి ఆడి 80 తెచ్చుకుంటే 220 అవుతుంది. మూడవస్థానంతో ఉత్తచేతుల ఇంటికి. స్కూట్ కొడితే 165 దగ్గర నిలుస్తాడు, ఇంకో స్కూట్ చేతిలో ఉంటుంది. ఈలోగా మూడవవాడు ఎలాగూ ఆడాలి. 21 పాయింట్లతో దొరికితే చాలు, అతడు బయటే. రెండవవాడు ఒక్క ముక్క కూడా ఎత్తకుండానే బహుమతిలోకి వస్తాడు.

అలాగని ప్రతి ఆటకూ స్కూట్ కొడుతూ కూర్చుంటే కుదరదు. ఇద్దరూ స్కూట్ కొడితే మూడవవానికి సున్నా పడుతుంది. అతని 180 అలాగే ఉంటుంది, వీరిద్దరికీ చెరో 25 చేరుతుంది. కాబట్టి స్కూట్‌ను ఎండాకాలపు చెరువు నీటిలా పొదుపుగా వాడుకోవాలి. లైఫ్ చేతిలోనే పడినా, జోకర్లతో ముక్కలు దగ్గరగా ఉన్నా 140లో కూడా ఆడవలసిందే. 70లో ఉన్నవాడు ఓ మోస్తరు చేతికి కూడా ఆడి కంపల్సరీ మీద ఒత్తిడి పెట్టవచ్చు. ఆ పని అతనికి చవక.

ఇక "రెండు ముక్కలు ఎత్తి చూద్దాం" అనే అలవాటు ఒకటుంది. చూసి బాగాలేదని మధ్యలో వదిలితే 50. అంటే ఆ కుతూహలానికి మరో స్కూట్ ఖర్చయింది. 151 దాటినవానికైతే మధ్యలో వదలడమంటే పందెం వదలడమే. నిర్ణయం ముక్క ఎత్తక ముందే జరగాలి.

కంపల్సరీలో పడినవాడు కూడా నిరాశ చెందనక్కరలేదు. 180లో ఉన్నవాడు ఆట గెలవకపోయినా 20 లోపు దొరికితే నిలుస్తాడు. లైఫ్ లేనిదే చేతిలోని ముక్కలన్నీ లెక్కకొస్తాయి కనుక ముందు లైఫ్ చూసుకోవాలి. తరువాత రాజు, రాణి, ఆసు వంటి పది పాయింట్ల ముక్కలను వదిలించుకోవాలి. జాకీ వస్తుందేమోనని రాణిని దాచుకుని కూర్చున్నవాడే అక్కడ మునిగిపోయేది.

ఇంత తేలికైన లెక్క మనవాళ్లకు ఎందుకు ఒంటబట్టదు? వెనక నిలబడి చూసేవారి మాటలు ఒక కారణం. స్కూట్ కొడితే "భయపడ్డాడు" అని నవ్వుతారు. ఆ నవ్వుకు జడిసి చెడ్డ చేయితో ఆడేవారు ఎందరో. రెండవ కారణం మరింత పెద్దది. అదే రీజాయిన్. 201 దాటి పోయినవాడు మళ్లీ డబ్బు కట్టి, బల్ల మీద అందరికంటే ఎక్కువ ఉన్నవాని పాయింట్లకు ఒకటి కలిపి కూర్చోవడం చాలాచోట్ల ఆనవాయితీ. తలా వంద రూపాయలతో ఆరుగురు కూర్చున్నారనుకుందాం. ఒకడు పోయాడు. మిగిలినవారిలో పెద్ద లెక్క 170. అతడు మరో వంద కట్టి 171తో చేరాడు. చేతిలో ఒకే ఒక స్కూట్. అందరికంటే వెనకబడిన కుర్చీకి అందరికంటే రెట్టింపు ధర! మిగిలినవారి పాయింట్లు తక్కువగా ఉన్నప్పుడు లెక్క కొంత వేరు కావచ్చు. కాని ఓడిన కోపంలో జేబులో చేయి పెట్టేవాడు ఆ లెక్క వేయడం లేదు.

అసలు పందెంలో ఉన్న మేలు ఏమిటి? పోయేది ఎంతో ముందే తెలుసు. ఆ గట్టుకు గండి రీజాయిన్. మళ్లీ కూర్చోవచ్చన్న ధీమా ఉన్నవాడు స్కూట్ ఎందుకు కొడతాడు? నేర్పు అక్కడే నశిస్తుంది. ఆ తరువాత పాడి గేదె అమ్మిన డబ్బు, ఎరువులకు దాచిన డబ్బు పందిరికి చేరతాయి. అమెరికాలోని లాస్ వేగాస్‌లో 1970 నుంచి పోకర్ ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. అక్కడి ప్రధాన పోటీకి ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. 2024లో పదివేల మందికి పైగా ఆడారు. సుమారు నూటికి పదిహేను మందికే బహుమతి. అంతటి పోటీలో కూడా బిళ్లలు పోగొట్టుకున్నవాడు లేచిపోవలసిందే, మళ్లీ డబ్బు కట్టి చేరే వీలు లేదు. అందుకే బహుమతి హద్దు దగ్గరపడే కొద్దీ మంచి ఆటగాళ్లు ఆచితూచి ఆడతారు.

రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని సికిందరాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1960 దశకం చివర్లోనే చెప్పింది. ఆ మాటను పట్టుకుని డబ్బు పందాలను సమర్థించేవారున్నారు. కాని కాలం మారింది. తెలంగాణలో 2017లో చట్టం సవరించి రమ్మీకి ఉన్న మినహాయింపు తొలగించారు. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. డబ్బు పెట్టి ఫోనులో ఆడే ఆటలన్నిటినీ, నేర్పు ఆటలతో సహా, 2025లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. నేర్పు ఉన్నదని చూపాలంటే డబ్బు అక్కరలేదు.

కనుక పండుగ పందాలు పెట్టే యువజన సంఘాలు, ఊరి పెద్దలు ఈసారి కొన్ని నియమాలు పాటించాలి. ప్రవేశానికి డబ్బు వద్దు. గెలిచినవారికి గోడ గడియారమో, పంచెల చాపో ఇస్తే చాలు. రీజాయిన్ పూర్తిగా ఎత్తివేయాలి. ప్రతివాని పాయింట్లు అందరికీ కనిపించేలా పలక మీద రాయాలి. వెనక నిలబడి ఎగతాళి చేసేవారిని పందిరి బయటికి పంపాలి. అప్పుడు చెడ్డ చేయి పడినవాడు సిగ్గుపడకుండా ముక్కలు బోర్లించగలుగుతాడు. బల్ల దగ్గర లేవడం నేర్చుకున్నవాడు బజారులోనూ, వేలంపాటలోనూ లేవగలుగుతాడు. ఆ నేర్పు ఊరికి మేలు చేస్తుంది.