అమ్మినవాని చేయి

కొనుట, అమ్ముట అనునవి ఒక్క క్షణమున ముగియు వ్యవహారములని లోకము చిరకాలముగా నమ్మియున్నది. కుండను కొనువాడు దానిని వ్రేలితో మ్రోగించి చూచును. నాదము బాగున్నచో పైకము చెల్లించును. అంతటితో ఆ కుండ అతని సొత్తు. ఇత్తడి బిందెకు చిల్లిపడిననాడు గృహిణి మాటు వేయువానిని పిలుచునే గాని, దానిని అమ్మిన వర్తకుని అనుమతి కోరదు. గడియారము నిలిచిపోయినచో, వీధి మలుపున బల్ల వేసికొని కూర్చున్న పనివాడు దానిని విప్పి బాగుచేయును. తూకము సరిగా నున్నదా, సరకు కల్తీ లేనిదా, చెప్పిన మాట నిజమా అనునవియే ఇట్టి వ్యవహారమున వర్తకుని నీతికి పరీక్షలు. వస్తువు అంగడి గడప దాటిన పిమ్మట అతని చేయి దానిపై లేదు.

చేతిఫోను వచ్చి ఈ పాత లెక్కను తారుమారు చేసినది. అందు కంటికి కనబడు భాగములెంత ముఖ్యములో, కంటికి కనబడని సాఫ్ట్‌వేరు అంతకంటె ముఖ్యము. ఆ సాఫ్ట్‌వేరును మార్చు అధికారము తయారుచేసిన సంస్థ చేతిలోనే యున్నది. కొన్నవాడు నిద్రించుచుండగనే అతని ఫోను అప్‌డేటు పొందుచున్నది. దీనివలన మేలు లేకపోలేదు. దొంగలు చొరబడు సందులు మూయబడుచున్నవి, లోపములు సవరింపబడుచున్నవి. అయితే మేలు చేయగల చేయి కీడును చేయగలదు. అమ్మకము ముగిసిన తరువాతను అమ్మినవాని చేయి వస్తువు లోపలనే యున్నప్పుడు, అతని నీతి మాత్రము అమ్మకముతో ముగియునా? సాంకేతిక సంస్థల ప్రకటనలను గూర్చియు, సరకు నాణ్యమును గూర్చియు సాగుచున్న వాదములకు మూలమైన ప్రశ్న యిదియే.

2017వ సంవత్సరమున ఆపిల్ సంస్థ విషయమున ఈ ప్రశ్న లోకమంతట వినబడినది. ఆ యేడు జనవరిలో ఆ సంస్థ ఐఫోన్లకు ఒక అప్‌డేటును పంపినది. పిమ్మట బ్యాటరీ క్షీణించిన కొన్ని పాత నమూనాల ఫోన్లు మునుపటికంటె నెమ్మదిగా పనిచేయసాగినవి. ఫోన్లు హఠాత్తుగా ఆగిపోవుట తగ్గినదని సంస్థ చెప్పినది. అందులకై వేగమును తగ్గించితిమని మాత్రము చెప్పలేదు. తమ ఫోను ముసలిదైనదని కొందరు సరిపెట్టుకొనిరి. క్రొత్తది కొనిపించుటకే ఇట్లు చేయుచున్నారని కొందరు అనుమానించిరి. డిసెంబరులో ఒక వినియోగదారుడు బ్యాటరీ మార్చినంతనే వేగము తిరిగి వచ్చినదని వెల్లడించెను. ఫోన్ల వేగమును కొలుచువారు తమ కొలతలను పోల్చి చూచి, ఈ మాంద్యము కాకతాళీయము కాదని చూపిరి. అప్పుడు గాని సంస్థ నోరు విప్పలేదు. డిసెంబరు 20వ తేదీన సంగతి నిజమని ఒప్పుకొన్నది. 28వ తేదీన క్షమాపణ చెప్పి, హామీ గడువు దాటిన ఫోన్లకు బ్యాటరీ మార్పిడి వెలను 79 డాలర్లనుండి 29 డాలర్లకు తగ్గించుచున్నట్లు ప్రకటించినది.

న్యాయముగా చూచినచో సంస్థ సమాధానమున శాస్త్రసత్యము కలదు. లిథియం అయాన్ బ్యాటరీ వాడినకొలది క్షీణించును. అట్టి బ్యాటరీ చలిలో గాని, చార్జి తగ్గినప్పుడు గాని, ఫోను ఒక్కసారిగా కోరిన విద్యుత్తును అందింపజాలదు. అప్పుడు ఫోను చటుక్కున ఆగిపోవును. ఆపదలో నున్నవాడు సహాయమునకై పిలుచు వేళ ఫోను ఆగిపోవుటకంటె, కొంత నెమ్మదిగానైనను నడచుట మేలు. ముసలియెద్దును కట్టిన బండిపై బరువు తగ్గించుట దోషము కాదు. బండి యజమానికి చెప్పక బస్తాలు దింపివేయుట దోషము.

ఈ మౌనము వలన కొన్నవానికి కలిగిన నష్టమేమి? ఫోను మందగించుటకు బ్యాటరీయే కారణమని తెలిసియున్నచో, అతడు కొలది ధనముతో దానిని మార్పించుకొని మరి రెండేండ్లు వాడుకొనియుండును. తెలియనందున వందల డాలర్లు పోసి క్రొత్తదానిని కొనెను. ఇది ఊహ మాత్రమే కాదు. 2019 జనవరి 2వ తేదీన ఆపిల్ అధిపతి టిమ్ కుక్, రాబడి తమ అంచనాకు తగ్గినదని మదుపరులకు లేఖ వ్రాసెను. చైనాలోని మాంద్యము వంటి పెద్ద కారణములతో పాటు, తగ్గించిన వెలకు బ్యాటరీలు మార్చుకొనుటయు క్రొత్త ఫోన్ల కొనుగోలు మందగించుటకు ఒక కారణముగా అందు పేర్కొనబడినది. నిజము చెప్పినచో అమ్మకము తగ్గుననుటకు ఇంతకంటె సాక్ష్యము వేరేల? సంస్థ దురుద్దేశముతోనే మౌనము వహించినదని దీనివలన ఋజువు కాదు. అయినను, ఆ మౌనము ఎవరికి లాభకరమైనదో దాచుట సాధ్యము కాదు.

ప్రభుత్వములు ఊరకుండలేదు. 2018 అక్టోబరులో ఇటలీ దేశపు పోటీ నియంత్రణ సంస్థ, అప్‌డేట్ల వలన పాత ఫోన్లు మందగించిన విషయమున ఆపిల్‌పై కోటి యూరోలు, శాంసంగ్‌పై 50 లక్షల యూరోలు జరిమానా విధించినది. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సు దేశమున ఆపిల్‌పై 2 కోట్ల 50 లక్షల యూరోల జరిమానా పడినది. ఆ యేడు మార్చిలో అమెరికాలోని వ్యాజ్యమును పరిష్కరించుకొనుటకై, తప్పు చేసితినని ఒప్పుకొనకయే, 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించుటకు ఆ సంస్థ అంగీకరించినది. వీనిలో ఫ్రాన్సు చర్య మిక్కిలి గమనింపదగినది. అక్కడ దండన పడినది వేగమును తగ్గించినందులకు కాదు. తగ్గునని కొన్నవారికి తెలుపనందులకు.

సరకు ఆయుస్సును అమ్మువాడు తన చేతిలో పెట్టుకొనుట క్రొత్త సంగతి కాదు. 1924లో విద్యుద్దీపముల తయారీదారులు జెనీవాలో కూడి, బల్బు ఆయుస్సును 1000 గంటలకు పరిమితము చేయుటకు కట్టుబాటు చేసికొనిరి. అంతకంటె ఎక్కువకాలము వెలుగు బల్బులు చేసిన భాగస్వామికి జరిమానా! ఆనాడు ఆయుస్సు కర్మాగారమున నిర్ణయమైనది. నేడు వస్తువు కొన్నవాని జేబులో నుండగనే నిర్ణయింపవచ్చును. భేదమంతియే.

ఇక ప్రకటనల మాట. క్రొత్త ఫోను వెలువడుననగా దాని వేగమును, సొగసును, కెమెరాను వర్ణించుటకు భాషలోని విశేషణములు చాలవు. బ్యాటరీ ఎన్నిమార్లు చార్జి చేసిన పిదప క్షీణించును? విడిభాగములు ఎన్ని యేండ్లు దొరకును? అప్‌డేట్లు ఎంతకాలము వచ్చును? ఈ ప్రశ్నలకు మాత్రము గోడపత్రికపై చోటు దొరుకుట అరుదు. ఏరు దాటుదాక ఓడ మల్లయ్య, ఏరు దాటిన పిమ్మట బోడి మల్లయ్య అను సామెత ఇట్టి వ్యాపారమునకు అచ్చముగా సరిపోవును.

నచ్చనివాడు వేరొక సంస్థ సరకు కొనవచ్చును గదా యని కొందరందురు. కుండ విషయమున ఈ మాట చెల్లును. వ్రేలితో మ్రోగించి తెలిసికొనవచ్చును. మూతవేసిన ఫోను లోపల రెండేండ్ల తరువాత జరుగబోవుదానిని మ్రోగించి తెలిసికొనుట యెట్లు? తెలిసికొను మార్గము లేనిచోట ఎంపిక పేరునకే గాని పనికిరాదు. అయితే కొనువారికిని ఇందు పాలు కలదు. పైన పటారమును చూచి లోన లొటారమును మరచు జనము మన్నిక నడుగనంతకాలము, అమ్మువాడు దానిని తనంతట తాను ముందుకు తెచ్చునని ఆశింపరాదు.

అడిగిన చోట ఫలితము కలుగుచున్నది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20నుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారము, ఒక నమూనా ఫోను అమ్మకము నిలిపివేసిన తరువాత ముఖ్యమైన విడిభాగములు 7 సంవత్సరములును, అప్‌డేట్లు కనీసము 5 సంవత్సరములును అందింపవలెను. 800 మార్లు చార్జి చేసిన పిమ్మట కూడ బ్యాటరీ తన శక్తిలో నూటికి 80 పాళ్లు నిలుపుకొనవలెను. మన దేశమున 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానమున 2019 నాటి చట్టము 2020 జులైలో అమలులోనికి వచ్చినది. సరకు నాణ్యము, పరిమాణము, ప్రమాణము, వెల మొదలగువానిని గూర్చి తెలిసికొనుట కొనువాని హక్కని ఆ చట్టము చెప్పుచున్నది. మరమ్మతు హక్కును గూర్చి ఆలోచించుటకు కేంద్రప్రభుత్వము 2022 జులైలో ఒక సంఘమును నియమించినది. 1915 సంఖ్యకు ఫోను చేసి ఎవరైనను ఫిర్యాదు తెలుపవచ్చును. అయితే చట్టము పుస్తకములో నుండుట వేరు, ప్రజల నోట నుండుట వేరు.

ఆ నోటికి మాట నేర్పగల స్థలము బడి. 2020లో మహమ్మారి వలన బడులు మూతపడినప్పుడు చేతిఫోనే పిల్లలకు పలకయు, పుస్తకమును, తరగతిగదియు నైనది. అప్పుచేసి ఫోను కొనిపెట్టిన తలిదండ్రులెందరో! అట్టి యింట ఫోను ఒక యేడు ముందుగా మూలబడుట చిన్న సంగతి కాదు. అందుచేత ఉపాధ్యాయులు ఒక పాఠమును చెప్పవలసియున్నది. ఒక ఫోను ప్రకటనను తరగతికి తెచ్చి, అందలి విశేషణములన్నిటిని కొట్టివేయుడని పిల్లలతో చెప్పవలెను. మిగిలినదానిలో నామవాచకములెన్ని, అంకెలెన్ని, గడువుతో కూడిన వాగ్దానములెన్ని యని లెక్కింపజేయవలెను. వ్యాకరణమునకు ఇంతకంటె లోకోపయోగమైన అభ్యాసము దొరకదు. ప్రతి యేడు డిసెంబరు 24వ తేదీన జరుపుకొను జాతీయ వినియోగదారుల దినోత్సవమున ఉపన్యాసములకంటె ఇట్టి పాఠము మేలు.

వస్తువు లోపలినుండి అమ్మినవాని చేయిని తీసివేయుట ఇక సాధ్యము కాదు. అంతటను అవసరమును కాదు. కాని ఆ చేయి చీకటిలో కదలరాదు. ఏమి మార్చుచున్నది, ఎందులకు మార్చుచున్నది, దానివలన పోవునదేమి యని ముందుగా తెలిపి, వలదనుటకు కొన్నవానికి వీలు కల్పింపవలెను. పైకము పుచ్చుకొన్నవాడు లెక్క చెప్పవలెననునది అంగడి పుట్టిననాటి ధర్మము. ఫోనెంత క్రొత్తదైనను ఈ ధర్మము పాతబడలేదు.