గాలిదారి గంట - నేలదారి గంటలు

శంషాబాదు విమానాశ్రయము నుండి గన్నవరము విమానాశ్రయమునకు పటముపై సూటిగా గీత గీచినచో, అది నల్లగొండ పట్టణమునకు బహు సమీపముగా పోవును. దాని పొడవు సుమారు 260 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వరకు పోగల చిన్న విమానము ఆ దూరమును అరగంటకు కొంచెము మించిన కాలములో దాటవలెను. అయినను వేళల పట్టికలో సుమారు గంట అని యుండును. నేలపై నడక, పైకి లేచుట, దిగుటకు వంతు కొరకు వేచియుండుట, ఇవన్నియు ఆ గంటలో చేరినవే.

ఈ లెక్క మనకెందుకందురా? మహబూబ్‌నగరు జిల్లా బాలానగరు ప్రాంతమున ఒక రైతు నన్నడిగినాడు: "సారూ, మా సీతాఫలాలు లారీల పోతే మెత్తవడ్తున్నయి. ఇమానంల ఏస్తే గంటల బెజవాడ చేరయా?"

ఇద్దరము గట్టుమీద కూర్చుండి లెక్క వేసినాము. తోట నుండి శంషాబాదుకు సుమారు 50 కిలోమీటర్లు, గంటకు పైగా పట్టును. సరకును విమానము లేచుటకు కొన్ని గంటల ముందే అప్పగించవలెను. తూకము, తనిఖీ జరుగవలెను. గన్నవరమున దించి, విడిపించుకొని, బెజవాడ అంగడికి మరల బండి కట్టవలెను. మొత్తము ఆరేడు గంటలు. రాత్రి బయలుదేరిన లారీ ఏడెనిమిది గంటలలో అదే అంగడికి చేరును. ఆ ఒక్క గంట కొరకు విమానపు కిరాయి ఇచ్చుట తెలివి గాదు. ఢిల్లీ సంగతి వేరు. లారీకి రెండు మూడు దినములు పట్టు దూరమును విమానము రెండు గంటలకు కొంచెము మించి దాటును. కోసిన మూడు నాలుగు దినములకే పండిపోవు సీతాఫలమునకు ఆ రెండు దినములే ప్రాణము. దళసరి తొక్క గల నల్లగొండ బత్తాయికి మాత్రము ఆ తొందర లేదు, లారీయే చాలును.

కిరాయిలో ఇంకొక మెలిక గలదు. పెట్టె బరువుగాని, అది ఆక్రమించు చోటుగాని, ఏది హెచ్చయిన దానికే సొమ్ము కట్టవలెను. సాధారణముగా 6,000 ఘనపు సెంటీమీటర్లను ఒక కిలోగా లెక్కింతురు. 60, 40, 30 సెంటీమీటర్ల పెట్టె 12 కిలోల క్రింద వచ్చును. అందులో 8 కిలోల పండ్లే యున్నచో నాలుగు కిలోల గాలికి కిరాయి ఇచ్చినట్లే!

ఇంత చేసియు, కోసిన కాయను చెట్టుక్రింద ఒక పగలు కుప్పవోసి యుంచినచో గాలిదారిలో మిగిలిన కాలము అచ్చటనే పోయినది. కన్నుల నడుమ గాళ్లు తెల్లబారి పసుపు తిరుగగానే, చల్లని పూట కోయవలెను. నీడకు చేర్చవలెను. అట్లని మంచుగదిలో పెట్టరాదు. 15 డిగ్రీలకు దిగువన తోలు నల్లబడును.

ఒక్కొక్క రైతు పది పెట్టెలతో శంషాబాదుకు పోవుట కిట్టదు. గుట్టలపై కాయ ఏరి తెచ్చు బీదలకైతే అసలే కాదు. విమానాశ్రయములెన్ని వచ్చినను, ముందు కావలసినది ఊరిలో, రహదారి ప్రక్కన, ఒక కప్పు గల పాక, ఒక తూకము, వేళకు కదలు బండి అని నా అభిప్రాయము. సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు దీనిని శ్రావణములోనే, కాయ కన్ను విప్పకముందే, తేల్చవలెను.