కొండకు నిప్పు.. కిందనున్న మనకు ముప్పు

ఈ వేసవి మొదట్లో కొండపల్లి కొండెక్కి వచ్చాను. హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల మనకు కనబడేవి వరిచేలు, చేపల చెరువులు. కొండ సంగతి మనకెందుకండీ అనొచ్చు. ఎందుకో చెబుతాను.

ఖిల్లా వైపు నడుస్తుంటే కాళ్ల కింద ఎండుటాకులు కరకరలాడాయి. గడ్డి నిలువునా ఎండిపోయింది. ఆర్పని బీడీ ముక్క ఒక్కటి చాలు. ఒకచోట వాలంతా నల్లగా కాలి ఉంది. పెద్ద చెట్లు బతికాయిగానీ కింద పిల్ల మొక్క ఒక్కటీ మిగల్లేదు. కొండపల్లి బొమ్మకు కావలసిన తెల్లపొణికి ఈ కొండల్లో చెట్టే. మొక్కలు ఏటా మాడిపోతే రేపు చెట్టెక్కడిది?

మన అడవుల్లో నిప్పు దానంతటది పుట్టడం బహు తక్కువ. ఇప్పపూలు ఏరేందుకు, కొత్త గడ్డి కోసం, తునికాకు చిగురు కోసం మనిషి పెట్టేదే ఎక్కువ. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవి అంటుకుంటే వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది.

అంతదాకా తెచ్చుకోవడం దేనికి? అడవిలో బాటలాగా గడ్డి, ఆకు తీసేసి ఉంచితే నిప్పు అక్కడ ఆగుతుంది. వీటినే ఫైర్ లైన్లు అంటారు. ఎండలు ముదరకముందే ఈ పని అయిపోవాలి. ఇప్పుడు ఉపగ్రహం నిప్పును కనిపెడితే ఫోనుకు కబురొస్తోంది. కానీ పచ్చి రొట్ట పట్టుకుని మంట కొట్టాల్సింది మనిషే. 1992లో మొదలైన వన సంరక్షణ సమితుల ఉద్దేశం కూడా ఊరివాళ్లను కలుపుకోవడమే. ఫైర్ లైన్ల పని కొండ కింది ఊళ్లకే ఇవ్వాలి, కూలి ఆలస్యం చేయకూడదు. అడవి వల్ల నాలుగు డబ్బులు కళ్లజూసినవాడే అర్ధరాత్రి మంట చూసి పరుగెత్తుతాడు.

ఇక మన సంగతి. బుడమేరు ఆ మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటిలో కలుస్తుంది. 2024 సెప్టెంబరులో అది విజయవాడను ఎలా ముంచిందో చూశాం. ఆ వరదకు కారణాలు చాలా ఉన్నాయి. కానీ కాలి బోడైన వాలు మీద వాన పడితే నీరు ఇంకదు, మట్టితో సహా కిందికొస్తుంది. ఆ మట్టి మేట వేసేది మన కాలవల్లోనే.

ఇంకోమాట. మిషను కోత వచ్చాక చేలో గడ్డి తగలబెట్టేది మనమే. నూజివీడు వైపు మామిడితోటల్లో ఆకు కాల్చేదీ మనమే. తోట పక్కనే కొండ ఉంటే గాలి ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు? గడ్డి పశువుకు, ఆకు చెట్టు పాదుకు వేస్తే పోయేదేముంది? ఫారెస్టువాళ్లను అడిగేముందు మన చేతిలో అగ్గిపెట్టె జేబులో పెట్టుకుందాం.